ఉద్వాసన కాని గౌరి

భాద్రపదం వచ్చిందంటే తిరుమలేశ్వర భట్టుగారి కాళ్లు వాటంతట అవే నడిచేవి. చీకటితో లేచి బావి దగ్గర రెండు చెంబులు నెత్తిన గుమ్మరించుకోవడం, పొయ్యి పైన తాడుకు వేలాడదీసిన పంచె ఆరిందో లేదో తడిమి చూడటం, ఆరకపోయినా కట్టుకోవడం, బెల్లం వేసిన కషాయం ఒక లోటా తాగి, గొంగళి ముసుగేసుకుని వాగు దాటడం. వాగు మీద వంతెన అంటే పక్కపక్కన పడేసిన రెండు పోకమొద్దులే. వానల్లో వాటికి నాచు పట్టి నూనె రాసినట్టుండేది. నలభై ఏళ్లలో ఆయన వాటి మీంచి జారి పడింది మూడేసార్లు. మూడుసార్లూ చేతిలోని పంచాంగం తడవలేదని ఊరివాళ్లు గొప్పగా చెప్పుకునేవారు. మనిషికి దెబ్బ తగిలిందా అని అడిగినవాళ్లు తక్కువ.

శిరసిలో బస్సెక్కి, అది ఆగిపోయిన చోట దిగి, అక్కణ్నుంచి గంటసేపు నడిస్తే మావినకొప్ప వస్తుంది. పదహారే ఇళ్లు. ఎవరి పోకతోట పక్కన వారి ఇల్లు, కొండకొక ఇల్లు, లోయకొక ఇల్లు. ఒకింటి నుంచి ఇంకో ఇంటికి కేకేస్తే వినపడదు గానీ పప్పు మాడిస్తే వాసన తెలుస్తుంది. ఈ పదహారిళ్లకూ పురోహితుడు భట్టుగారే. తోటలు మావి, దేవుళ్లు భట్టుగారివి అని అక్కడొక మాట ఉండేది.

అయితే ఆయన ఉత్త పూజలు చేయించే మనిషి కాదు. చిన్నప్పుడు మఠం పాఠశాలలో ఏడేళ్లు వేదాంతం చదివారు. అక్కడి గురువుగారు పొట్టిగా, బోడిగుండుతో, ఎప్పుడూ ఆకలిగా ఉండే మనిషి. ఒకసారి పాఠం మధ్యలో ఆయన ఇలా అన్నారు: "ఒరే, ఉన్నవి పాలు ఒక్కటే. ఏ గిన్నెలో తోడు పెడితే ఆ గిన్నె ఆకారంలో పేరుకుంటాయి. పెరుగు గిన్నెలు పది ఉన్నాయి కదా అని పాలు పది రకాలనుకోకండి. అలాగని పెరుగు లేదనీ అనకండి, మధ్యాహ్నం అన్నంలోకి కావాలి." పిల్లలందరూ నవ్వారు. భట్టుగారు మొదటి సగం పుస్తకంలో రాసుకున్నారు. రెండో సగం గురువుగారి ఆకలనుకుని వదిలేశారు.

ఆ వదిలేసిన సగమే నలభై ఏళ్లు ఆయన లోపల ముల్లులా ఉండిపోయింది. పూజకు ముందు ఆవాహన ఉంటుంది కదా. గుండెలో ఉన్న దేవతను తలుచుకుని, ఊపిరితో పాటు ముక్కులోంచి బయటికి తెచ్చి, దోసిట్లోని పువ్వు మీదికి వదిలి, ఆ పువ్వును కలశం మీద పెట్టాలి. పూజ అయ్యాక ఉద్వాసన. అదే పువ్వు తీసి వాసన చూసి, దేవతను మళ్లీ ఊపిరితో గుండెలోకి తీసుకోవాలి. ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికే. ఇది భట్టుగారు కొన్ని వేలసార్లు చేశారు. ఒక్కసారి కూడా లోపల్నుంచి ఏదైనా బయలుదేరినట్టు గానీ తిరిగొచ్చినట్టు గానీ ఆయనకు తెలియలేదు. బంతిపువ్వైతే బంతిపువ్వు వాసన, జాజిపువ్వైతే జాజిపువ్వు వాసన, అంతే. ఉన్నది ఒక్కటే అని తెలిసినవాడికి ఈ బొమ్మలాట ఎందుకు ఫలిస్తుందిలే అని సర్దిచెప్పుకునేవారు. కానీ ఆ సర్దుబాటు రాత్రి కప్పుకున్న గొంగళిలాంటిది, తలకు లాగితే కాళ్లకు అందేది కాదు.

ఆ ఏడు గౌరి తదియ నాడు ఆయనకు జలుబు చేసింది.

ముందు రోజు వాగులో మొద్దు మీంచి నాలుగోసారి పడ్డారు. ఈసారి పంచాంగం కూడా తడిసింది. తెల్లారేసరికి ముక్కులు రెండూ మూసుకుపోయి, "ఓం" అంటే "ఓబ్" అని వినిపించింది. అలాగే వాగు దాటి గణపయ్య హెగ్డే ఇంటికి వెళ్లారు.

గణపయ్యకు తొందరెక్కువ. అన్నం తినేటప్పుడు మజ్జిగ పోసుకుంటూనే చెయ్యి కడుక్కోవడానికి లేచే రకం. ఎదుటివాళ్ల మాట సగంలో ఉండగానే మిగతా సగం అతనే చెప్పేసి, దానికి జవాబు కూడా తనే ఇచ్చుకునేవాడు. భట్టుగారు కాళ్లు కడుక్కుంటుండగానే మొదలెట్టాడు.

"భట్రే, బాళెగద్దె నుంచి కబురొచ్చింది. త్రయోదశి నాడు వస్తామన్నారు. తాంబూలాలు ఆ రోజే మార్చేసుకుందాం. పౌర్ణమి దాటితే పితృపక్షం, ఇంక మంచి పనులుండవు. ఏమంటారు? మంచిదే అంటారు. నాకు తెలుసు."

ఆ సంబంధం చూసింది భట్టుగారే. బాళెగద్దె శ్రీధర హెగ్డేకి నలభై ఐదేళ్లు, భార్య పోయింది, ఇద్దరు పిల్లలు. గణపయ్య చెల్లెలు భాగీరథికి ముప్పై ఏళ్లు, పెళ్లి కాలేదు. రెండూ కలిపితే సరిపోతుందని ఆయన లెక్క.

"భాగీరథిని అడిగావా?" అన్నారు భట్టుగారు, ముక్కు తుడుచుకుంటూ.

"దాన్నేం అడగను భట్రే! అది మాట మొదలుపెట్టి ముగించేసరికి దీపావళి వస్తుంది."

నిజానికి భాగీరథి నోరు తెరవడం మానేసి చాలా ఏళ్లయింది. చిన్నప్పుడు నత్తి ఉండేది. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయేది, ఎవరో ఒకరు మిగతాది అందించేవారు. అలా అందించీ అందించీ ఊరంతా ఆమెకు బదులు మాట్లాడటం అలవాటు చేసుకుంది. ఆమె తల ఊపడం అలవాటు చేసుకుంది. ఇప్పుడామెకు నత్తి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. మాట్లాడదు, అంతే అనేవారు. పగలంతా గోశాల వెనక మిరియాల తీగల దగ్గర ఉండేది. ఒక్క ముదురు తీగ నుంచి ముక్కలు కత్తిరించి, పోకమట్ట దొప్పల్లో మన్ను పోసి నాటి, వేళ్లు తొడిగాక ఊళ్లోవాళ్లకిచ్చేది. పదహారు తోటల్లో పోకచెట్లకు పాకిన మిరియాలన్నీ ఆ ఒక్క తీగ ముక్కలే. ఈ సంగతి కూడా ఎవరికీ పెద్దగా గుర్తుండేది కాదు. కషాయంలో ఘాటు ఉంటే చాలు కదా.

గణపయ్య ఆ మాటలు అంటున్నప్పుడు ఆమె వంటింటి గుమ్మంలో పూలపళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. అన్నీ వినే ఉంటుంది. భట్టుగారు ఆవాహన కోసం పువ్వు అడగబోయి, పెద్ద తుమ్ము రావడంతో పక్కకు తిరిగారు. ఒకటి కాదు, ఏడు తుమ్ములు. గణపయ్య లెక్కపెట్టాడు కూడా. ఆయన మళ్లీ ఇటు తిరిగేసరికి భాగీరథి పళ్లెం మీదికి తల వంచి, పొడుగ్గా ఒక నిట్టూర్పు విడుస్తోంది. పళ్లెంలో పైన ఉన్న తెల్ల గన్నేరు ఆ ఊపిరికి ఒక్కసారి కదిలింది. భట్టుగారు ఆ గన్నేరునే తీసుకున్నారు. ముక్కులోంచి ఊపిరి రాలేదు. ఎవరు చూడొచ్చారులే అని పువ్వును దోసిట్లో ఒక క్షణం ఉంచి, కలశం మీద పెట్టేశారు.

సప్తమి నాడు ఉద్వాసన. అప్పటికి జలుబు ఇంకా ముదిరింది. కలశం మీద పువ్వు తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, వాసన చూసినట్టు కళ్లు మూసుకున్నారు. రవ్వంత గాలి కూడా లోపలికి పోలేదు. కలశాన్ని కాస్త ఉత్తరానికి జరిపి, చేమాకులతో ఆవిరి మీద ఉడికించిన పత్రొడె నాలుగు ముక్కలు తిని, ఇంటికి పోయి పడుకున్నారు.

మర్నాడు పొద్దున గణపయ్య పాలేరు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"భట్రే, హెగ్డేరు రమ్మన్నారు. అమ్మవారు పోలేదంట."

భట్టుగారు ముక్కు పట్టుకున్నారు. "అనుకున్నాను," అన్నారు.

వెళ్లేసరికి గౌరమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని కొబ్బరి కోరుతోంది. పసుపు రంగు చీర. ముప్పై ఏళ్ల మనిషిలా ఉంది. కలశం నీళ్లలోంచి వచ్చింది కదా, జుట్టు తడిగా ఉంది, చివర్ల నుంచి బొట్టుబొట్టుగా నీళ్లు కారుతున్నాయి. గణపయ్య భార్య కావేరి వెనక నిలబడి గుడ్డతో నేల తుడుస్తోంది.

"కూర్చోండి తల్లీ, పూజ చేసుకుంటాం అంటే వినదు భట్రే. కోరుపీట లాగేసుకుంది. ఎన్నిసార్లు తుడిచినా జుట్టు ఆరడం లేదు. జలుబు చేస్తుందేమో చూడండి."

"జలుబు ఆవిడకెందుకు, నాకు చాలు," అన్నారు భట్టుగారు.

గణపయ్య తల్లి గంగజ్జి గోడకు చేరగిలబడి తమలపాకు నములుతోంది. డెబ్బై రెండేళ్లు, నాలుక మాత్రం పదహారేళ్లది. "నీ ముక్కు మూసుకుపోతే దేవత ఏ దారిన పోతుందిరా తిరుమలా? పోయినేడు పక్కూళ్లో గణపతి ఉండిపోలేదూ? అటుకుల డబ్బా ఖాళీ అయ్యాక గానీ కదల్లేదు. ఈవిడ నయం, పని చేస్తోంది."

అప్పుడు గౌరమ్మ తల ఎత్తింది. కొంగు అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుని నలిపింది. "కొ... కొ... కొబ్బరి... ఇం... ఇంకా కావాలా?" అంది.

దేవత మాట్లాడుతుంటే మధ్యలో అందుకునే ధైర్యం ఎవరికుంటుంది? కావేరి గుడ్డ పట్టుకుని నిలబడిపోయింది. గణపయ్య రెండు చేతులూ జోడించాడు. పెదవులు మాత్రం కదిలాయి, మిగతా సగం చెప్పేయడానికి.

బయటికొచ్చాక భట్టుగారి చెవిలో అన్నాడు. "మంత్రం మీరు ముక్కుతో చదివారు చూడండి, అందుకే ఆవిడకు నత్తి వచ్చింది."

భట్టుగారు సిగ్గుతో చచ్చిపోయారు. కానీ ఆ సిగ్గు కిందే, పొయ్యిలో నివురు కింద నిప్పులా, ఒక సంతోషం కూడా ఉంది. నలభై ఏళ్లకు మొదటిసారి తన లోపల్నుంచి ఏదో వచ్చింది! నత్తితో వస్తే ఏమైంది, వచ్చింది కదా. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. దారిలో రెండు మొద్దుల మీద ఒక్కడే నవ్వుకున్నారు.

ఒక పూజకు ఉద్వాసన కాకుండా ఇంకో శుభకార్యానికి సంకల్పం చెప్పకూడదు. గౌరమ్మ ఇంట్లో ఉన్నంతకాలం తాంబూలాలు లేవు. త్రయోదశికి ఐదు రోజులే ఉంది. దాంతో ఆ వారం మావినకొప్పలో దేవుళ్ల కన్నా భట్టుగారి ముక్కుకే ఎక్కువ ఉపచారాలు జరిగాయి. ఒకరు శొంఠి పంపారు, ఒకరు వామాకు రసం, ఒకరు నీలగిరి ఆకు ఆవిరి పట్టమని పెద్ద కుండే పంపారు. గణపయ్య రోజుకు రెండుసార్లు వచ్చి, "ఏదీ, ఊదండి," అనేవాడు. అన్నిట్లోకీ పనిచేసింది అరటాకులో పొట్లం కట్టి వచ్చిన మిరియాలు. ఎవరు పంపారని అడిగితే, గోశాల వెనక నుంచి అన్నాడు పాలేరు.

మధ్యలో ఆయన రోజూ వెళ్లి గౌరమ్మను చూసి వచ్చేవారు. ఇల్లు మారిపోతోందని ఆయనకు తెలుస్తూనే ఉంది గానీ, ఏం మారిందో చెప్పలేకపోయారు. భోజనాలు ఆలస్యంగా అవుతున్నాయి. గౌరమ్మ ఉప్పు కావాలా అని అడిగేలోపు మిగిలినవాళ్లు చేతులాపుకుని కూర్చునేవారు. గణపయ్యకు మొదటి రెండు రోజులు ఒళ్లంతా చీమలు పాకినట్టుండేది. మూడో రోజుకి అలవాటు పడ్డాడు. నాలుగో రోజు కావేరి ఏదో చెబుతుంటే కూడా చివరిదాకా విన్నాడు. ఆవిడ కంగారుపడి చెప్పాల్సింది మరిచిపోయింది.

ఏకాదశి నాడు వంటింట్లో ఎవరూ లేని సమయం చూసి భట్టుగారు గౌరమ్మ ముందు చతికిలబడ్డారు.

"తల్లీ, ఒక సందేహం. ఉన్నది ఒక్కటే అని నేను చదువుకున్నాను. మరి మీరు నిజంగా ఉన్నట్టా, లేనట్టా?"

గౌరమ్మ కొంగు నలిపింది. భట్టుగారు ఊపిరి బిగబట్టారు.

"ప... ప... పప్పు మాడుతోంది," అందావిడ.

ఆయన లేచి గిన్నె దింపారు. చెయ్యి కాలింది. ఆవిడ మళ్లీ కొంగు పట్టుకుంది. ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. "ఉ... ఉన్నది ఒక్కటే అయితే... న... నన్ను పంపడానికి ఇంత తొ... తొందరెందుకు?"

భట్టుగారి ఏడేళ్ల చదువులో ఆ ప్రశ్న లేదు. ఆవిడ కొంగు నలిపే తీరును మాత్రం ఎక్కడో చూసినట్టనిపించింది. కాలిన వేళ్లు నోట్లో పెట్టుకుని ఇంటికి నడిచారు.

ద్వాదశి సాయంత్రం ఆయన ముక్కు తెరుచుకుంది. మొదట తెలిసిన వాసన తడి గొంగళిది. అంత కమ్మటి వాసన జన్మలో చూడలేదనుకున్నారు.

త్రయోదశి పొద్దున వాన కాస్త తెరిపిచ్చింది. భట్టుగారు వెళ్లేసరికి బాళెగద్దె వాళ్లు అరుగు మీద ఉన్నారు. శ్రీధర హెగ్డే, అతని అక్క. అతను పొడుగ్గా, కొంచెం వంగి, ఎక్కడ చేతులు పెట్టుకోవాలో తెలియనట్టు కూర్చున్నాడు. అక్క మాత్రం పళ్లూ కొబ్బరికాయలూ ఉన్న బుట్టను ఒళ్లో పెట్టుకుని లోపలికి చూస్తోంది.

"గౌరమ్మ ఉండిపోయిందట కదా," అందావిడ. "ఇప్పుడన్నా పోతుందా భట్రే? వానలో రెండు వాగులు దాటి వచ్చాం."

"పోతుంది, పోతుంది, ముక్కు తెరుచుకుంది, ఒక్క నిమిషం," అన్నాడు గణపయ్య.

గౌరమ్మ వచ్చి కలశం పక్కన పీట మీద కూర్చుంది. పది రోజులు గడిచినా గన్నేరు పువ్వు వాడలేదు. భట్టుగారు దాన్ని తీసి, కళ్లు మూసుకుని, గుండెల నిండా వాసన పీల్చారు. గన్నేరు వాసన, కొంచెం తడిమన్ను వాసన. కళ్లు తెరిచారు. గౌరమ్మ ఎదురుగానే ఉంది. జుట్టు చివర నీటిబొట్టు నేల మీద పడింది.

మళ్లీ పీల్చారు. మళ్లీ.

అప్పుడు అర్థమైంది. ఆవిడ తన గుండెలోంచి రాలేదు. వారం రోజుల సంతోషం కాళ్ల దగ్గరికి జారిపోయింది. కూర్చున్నచోటే ఆయన మరికాస్త చిన్నవాడైపోయారు.

"ఏంటి భట్రే, ఇలా ఇవ్వండి," అని గణపయ్య పువ్వు లాక్కున్నాడు. "సంకల్పం నా పేరు మీద కదా చెప్పింది." బుస్సుమని పీల్చాడు. గౌరమ్మ అతన్ని చూసి చిన్నగా నవ్వింది, అంతే. కావేరి పీల్చింది. గంగజ్జి, "నా ముక్కుకు వాసనలు తెలిసి పదేళ్లయింది, అయినా ఇవ్వు," అని పీల్చింది. "ఊఁ, ఏమీ లేదు. నా లోపల నుంచి వచ్చుంటే ఈపాటికి తమలపాకు అడిగేది."

"ఇంకెవరున్నారు ఇంట్లో?" అంది అరుగు మీంచి శ్రీధర హెగ్డే అక్క.

"ఎవరూ లేరు," అన్నాడు గణపయ్య.

గౌరమ్మ కొంగు అంచు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది.

భట్టుగారికి అప్పుడు గుర్తొచ్చింది. ఇదే అరుగు. ఇరవై రెండేళ్ల కిందటి సంజెవేళ. పిల్లలకు శ్లోకాలు నేర్పుతున్నారు. వరుసలో చివర ఎనిమిదేళ్ల పిల్ల లేచి నిలబడి, పరికిణీ అంచు రెండు వేళ్లతో పట్టుకుని నలుపుతూ, మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. దీపం పెట్టే వేళ దాటిపోతోంది. "చాల్లే, కూర్చో," అని మిగతా శ్లోకం ఆయనే చెప్పేశారు. పిల్లలు నవ్వారు. ఆ పిల్ల కూర్చుంది. ఊళ్లో ఆమెకు మొదటిసారి మాట అందించింది గణపయ్య కాదు. తనే. శ్లోకం అమ్మవారిదే.

దాని వెనకే పూలపళ్లెం, నిట్టూర్పు, కదిలిన గన్నేరు గుర్తొచ్చాయి. గురువుగారి బోడిగుండు కూడా గుర్తొచ్చింది. ఏ గిన్నెలో తోడు పెడితే ఆ గిన్నె ఆకారంలో.

"భాగీరథి ఏదీ?" అన్నారు.

"అది తోటలో... దానికేం..." గణపయ్య మొదలెట్టాడు.

"పిలవండి."

ఆమె వచ్చింది. మోచేతుల దాకా మన్ను. కావేరి చెంబుతో నీళ్లు పోస్తే చేతులు కడుక్కుని, గుమ్మం దగ్గర ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే. భట్టుగారు లేచి, ఆ పువ్వును తన రెండు చేతుల్తో ఆమె చేతిలో పెట్టారు. పూజారి లేచి నిలబడి ఇంటి ఆడపిల్లకు పువ్వందించడం ఆ ఇంట్లో అంతకుముందు ఎవరూ చూడలేదు.

"ఈవిడ నీదమ్మా," అన్నారు. "నువ్వే తీసుకోవాలి. తొందరేం లేదు."

భాగీరథి గౌరమ్మను చూసింది. ఇద్దరిదీ ఒకే ఈడని అప్పుడు అందరికీ కనిపించింది. గౌరమ్మ కొంగు వదిలేసి చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. భాగీరథి కళ్లు మూసుకుని పువ్వును ముక్కు దగ్గరికి తీసుకుని, నెమ్మదిగా, చాలా నెమ్మదిగా పీల్చింది.

పీట ఖాళీ అయింది. పీట కింద తడి మాత్రం ఉంది. కావేరి అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుని వంగబోయి ఆగింది. భాగీరథి పొడి జుట్టు చివర ఒక నీటిబొట్టు ఊరి, మెరిసి, టప్పున నేల మీద పడింది.

"హమ్మయ్య," అన్నాడు గణపయ్య. "భట్రే, ఇంక సంకల్పం చెప్పండి. వర్జ్యం వచ్చేస్తోంది. భాగీ, పోయి చీర మార్చుకుని..."

"నా..." అంది భాగీరథి.

ఇల్లంతా ఆమె వైపు తిరిగింది.

"నా... నా..."

గణపయ్య నోరు తెరిచాడు. మిగతా సగం నాలుక చివరే ఉంది. కానీ అతని చేతులు అతన్ని అడక్కుండానే పైకి లేచి జోడించుకున్నాయి. వారం రోజుల అలవాటు. నోరు దానంతటదే మూసుకుంది. కావేరి గుడ్డ పట్టుకుని నిలబడింది. గంగజ్జి నమలడం ఆపింది. చూరు నుంచి వాననీళ్లు కారుతున్నాయి. భాగీరథి కొంగు పట్టుకుంది, వదిలేసింది, మళ్లీ పట్టుకుంది.

"నా... కు... ఈ పె... పె... పెళ్లి వద్దు... అన్నా."

ఎంతసేపు పట్టిందో ఎవరూ చెప్పలేరు. తరువాత గంగజ్జి మాత్రం తన నోట్లో తమలపాకు ఎండిపోయిందని చెప్పేది.

ఆమె ఆపలేదు. ఇన్నేళ్లకు దారి దొరికిన నీళ్లు మధ్యలో ఆగవు కదా. రెండో మాట ఇంకా ఎక్కువసేపు పట్టింది. "నే... నేను... ఇ... ఇక్కడే ఉంటా. మి... మిరియాల తీగలు... నావి. తో... తోటలో... నాకు చోటివ్వు."

గణపయ్య చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. విడదీసుకోవాలని తోచలేదు. చెల్లెలి గొంతు ఇలా ఉంటుందని అతను మరిచిపోయాడు. "సరే," అన్నాడు చివరికి. అంత చిన్న వాక్యం అతని నోట ఎవరూ వినలేదు.

అరుగు మీద శ్రీధర హెగ్డే అక్క బుట్ట పట్టుకుని లేచింది. "ఇదేం మర్యాద? రెండు వాగులు దాటి..."

"ఉండక్కా," అన్నాడు తమ్ముడు. అప్పటిదాకా అతనూ నోరు విప్పలేదు. "మనం కూడా అడగలేదు కదా. అడక్కుండానే వచ్చాం." గుమ్మం వైపు చూసి, భాగీరథితో అన్నాడు: "అమ్మా, మా తోటలో తీగలన్నీ వేరు కుళ్లి పోయాయి. నీ తీగకు ఆ తెగులు రాదా?"

భాగీరథి తల అడ్డంగా ఊపబోయి, ఆగి, "రా... రాదు," అంది.

ఆ మధ్యాహ్నం అతను పోకమట్ట దొప్పల్లో పన్నెండు తీగముక్కలు నెత్తిన పెట్టుకుని వాగు దాటాడు. అక్క వెనకే పళ్లబుట్టతో, సగం దూరం తిడుతూ, మిగతా సగం దొప్పలు పడిపోకుండా పట్టుకుంటూ నడిచింది.

భట్టుగారు సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి, జాజిపువ్వు ఒకటి దోసిట్లో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నారు. ఊపిరి వదిలారు. ఏదైనా వచ్చిందో లేదో ఆయనకు తెలియలేదు. ఎప్పటిలా తొందరపడి పువ్వును పటం మీద పెట్టేయలేదు. వచ్చేదాకా కూర్చోవచ్చు, తనకు మాత్రం ఏం పని అనుకున్నారు. అన్నంలోకి పెరుగు ఉందని భార్య లోపల్నుంచి పిలిచినప్పుడు ఆయనకు గురువుగారి మాట రెండో సగం గుర్తొచ్చి పెద్దగా నవ్వారు. ఏమిటని ఆవిడ అడిగింది. ఆయన చెప్పారు. ఆవిడకు నవ్వు రాలేదు గానీ పెరుగు మరో గరిటె వేసింది.

మరుసటి ఏడు గౌరి తదియకు గణపయ్య ఇంట్లో కలశం ముందు పీట మీద భాగీరథి కూర్చుంది. భట్టుగారు పక్కన కూర్చున్నారు, ముక్కు బాగానే ఉంది. ఆవాహన ఆమె చెప్పింది. భట్టుగారికి ఆ మంత్రం నిద్రలో కూడా వచ్చు. ప్రతి అక్షరం దగ్గరా ఆయన పెదవులు కదిలాయి. ఒక్కటీ అందించలేదు.

ఆ రోజు ఆ ఇంట్లో భోజనాలు మధ్యాహ్నం మూడు గంటలకు వడ్డించారు. గణపయ్య విస్తరి ముందు చేతులు జోడించుకుని కూర్చుని, ఆకలేస్తోందని ఒక్కసారి కూడా అనలేదు.